“ప్రచారము” అను మాట వెనుక జరిగిన చర్చ: ఒక విమర్శనాత్మక పరిశీలన

భారత రాజ్యాంగములోని 25వ అధికరణమును మన ప్రసంగములలో తరచుగా ఉదహరిస్తాము. మతమును అవలంబించుటకే గాక ప్రచారము చేయుటకును హక్కు ఉన్నదని చెప్పి సంఘమును ధైర్యపరుస్తాము. అయితే ఆ ఒక్క మాట నిలుచుటకు రాజ్యాంగ సభలో జరిగిన వాదోపవాదములను చదివిన కాపరులు అరుదు. వాక్యమును సందర్భము నుండి విడదీయవద్దని విద్యార్థులకు బోధించు మనకు ఇది తగదు.

1948 డిసెంబరు 6న ముసాయిదాలోని 19వ అధికరణము (నేటి 25వది) చర్చకు వచ్చినప్పుడు అధ్యక్ష స్థానములో ఉన్నది ఉపాధ్యక్షులు హెచ్.సి. ముఖర్జీ గారు. ఆయన బెంగాలీ క్రైస్తవుడు. ఆయన ఎదుటనే ఒరిస్సా సభ్యులు లోకనాథ్ మిశ్రా గారు ప్రచార హక్కును తీవ్రముగా వ్యతిరేకించారు. మన ప్రసంగీకులలో కొందరు ఇట్టివారిని శత్రువులుగా చిత్రిస్తారు. కాని ఆయన భయము దాచబడక సభ ఎదుట పలుకబడినందుననే దానికి జవాబు చెప్పుట సాధ్యమైనది. జవాబు చెప్పినవారిలో ముఖ్యులు హిందువులే: లక్ష్మీకాంత మైత్ర, టి.టి. కృష్ణమాచారి, కె.ఎం. మున్షీ గార్లు. తాను పదునాలుగేండ్లు క్రైస్తవ విద్యాలయములలో చదివినను తనను మతము మార్చుటకు ఎవరును ప్రయత్నింపలేదని కృష్ణమాచారి గారు సాక్ష్యమిచ్చారు. ఆ ఉపాధ్యాయులెవరో మనకు తెలియదు గాని, వారి నడవడి ఆ దినమున మన పక్షమున వాదించినది.

మున్షీ గారి స్థానము మరింత గమనింపదగినది. మోసము, బలవంతము వలన జరిగిన మతమార్పిడిని, పదునెనిమిదేండ్ల లోపువారి మతమార్పిడిని చట్టము గుర్తింపరాదని 1947 మే 1న ప్రతిపాదించినది ఆయనే. మరుసటి సంవత్సరము “ప్రచారము” అను మాటను కాపాడుటకు లేచినదియు ఆయనే. ఆయన మనసు మారినదని మేము అనము. అల్పసంఖ్యాకులతో కూర్చుండి కుదుర్చుకొన్న ఒడంబడికను తప్పరాదన్నది ఆయన వాదము. (ఆ హక్కులో ఇతరులను మతము మార్చు హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పునిచ్చిన సంగతిని మన ప్రసంగములు సాధారణముగా దాటవేస్తాయి.)

అయినను ఈ సభను అతిగా పొగడుట సరికాదు. దాని సభ్యులను పరిమిత ఓటుహక్కుతో ఏర్పడిన రాష్ట్ర శాసనసభలు ఎన్నుకొన్నవి. క్రైస్తవుల పక్షమున మాట్లాడినవారు చదువుకొన్న పెద్దలు. మాలపల్లె, మాదిగపల్లెల నుండి వచ్చిన క్రైస్తవుడు ఏమి కోరుచున్నాడో ఆ సంపుటములలో వెదకినను దొరకుట కష్టము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసినది. తరువాత సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో అది వర్తించినది. దళిత క్రైస్తవులకు లేదు.

అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయమును మన సంఘ పాలనకు మాదిరిగా బోధించునప్పుడు ఇదే ప్రశ్న అడుగవలెను. అక్కడ బహు తర్కము జరిగినదని లూకా దాచలేదు. పేతురు, బర్నబా, పౌలు, యాకోబు మాట్లాడిరి. అయితే చర్చ అన్యజనుల గురించినదే గాని, ఒక అన్యజనుడు పలికిన మాట ఒక్కటియు వ్రాయబడలేదు. గలతీ పత్రిక 2వ అధ్యాయములో పౌలు గ్రీసుదేశస్థుడైన తీతును యెరూషలేమునకు వెంటబెట్టుకొని వెళ్లినట్లు చదువుతాము. ఆ ప్రయాణమే ఈ సభకైతే, తీతు ఆ గదిలో ఉండి ఉండవచ్చును. వ్యాఖ్యాతలు ఈ మౌనమును మరింత విచారింపవలసినది.

మేము సేవచేసిన ఒక పాస్టరేటులో ఆదివార ఆరాధన ఉదయము తొమ్మిదింటికని పట్టణపు కమిటీ తీర్మానించి శివారు పల్లెకు కబురంపినది. పల్లెవారు రాలేదు. వారికి భక్తి తగ్గినదని రెండు సమావేశములలో మినిట్సు పుస్తకమునకు ఎక్కించాము. మూడవసారి వారినే పిలిచి అడిగాము. నాట్ల కాలములో స్త్రీలు తెల్లవారకముందే కూలికి వెళ్తారని, సాయంత్రమైతే అందరును వస్తారని ఒక వృద్ధురాలు చెప్పినది. ఆమె కమిటీ సభ్యురాలు కాదు గనుక ఆమె మాటను మినిట్సులో వ్రాయవచ్చునా అని కార్యదర్శి మమ్మును అడిగాడు.