కొట్టివేతల కింద కన్యాశుల్కం

కన్యాశుల్కం అనగానే మనకు గుర్తొచ్చేది 1909లో అచ్చయిన ఏడంకాల నాటకం. బొంకుల దిబ్బ, గిరీశం కోతలు, మధురవాణి మాటకారితనం మన నోళ్ళలో నానుతున్నది ఆ పుస్తకం వల్లనే. దానికి ముందు గురజాడ అప్పారావు రాసిన కన్యాశుల్కం ఇంకొకటి ఉంది. అది ఐదంకాల నాటకం. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ దాన్ని ఆడింది. 1897లో అచ్చయింది. ఆ తర్వాత పన్నెండేళ్ళకు రచయితే దాన్ని తిరగరాశారు. కొత్తది వచ్చాక పాతది మరుగున పడింది. 1969లో నెల్లూరు పరిశోధకుడు బంగోరె, అంటే బండి గోపాలరెడ్డి, ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ పేరుతో మళ్ళీ అచ్చుకెక్కించేదాకా మామూలు పాఠకుడికి అది అందని పుస్తకమే.

రచయిత పక్కన పెట్టేసిన దాన్ని వెతకడం, చదవడం, పదిలపరచడం మన సాహిత్యంలో పాత విద్య. ఆ విద్యే ఇప్పుడు వీడియో గేముల చుట్టూ ప్రపంచమంతటా ముమ్మరంగా సాగుతోంది. గేము ఫైళ్ళు విప్పే కుర్రవాళ్ళకూ, పాత ప్రతుల ముందు కూర్చునే పండితులకూ ఒకరి గురించి ఒకరికి పెద్దగా తెలియదు. కానీ ఇద్దరి పనితనమూ ఒకటే, ఇద్దరూ పాటించాల్సిన నియమమూ ఒకటే. తీసేసిన భాగం రచయిత తీసుకున్న నిర్ణయానికి సాక్ష్యం. సాక్ష్యాన్ని పారెయ్యకూడదు, మార్చకూడదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే.

ఫైళ్ళలో మిగిలిపోయినవి

ఒక గేము బజారుకు వచ్చేసరికి దాని వెనక వదిలేసిన పని బోలెడంత ఉంటుంది. గీసి వాడని బొమ్మలు, రికార్డు చేసి వినిపించని మాటలు, సగంలో ఆపేసిన స్థాయిలు. ఆడేవాళ్ళకు అవి కనపడవు. డిస్కులోనో కార్ట్రిడ్జిలోనో మాత్రం చాలాసార్లు అలాగే పడి ఉంటాయి. వాటిని తీసెయ్యకపోవడానికి కారణం ఉంది. ఆటలో ప్రతి బొమ్మకూ పాటకూ ఒక వరస సంఖ్య ఇస్తారు. మధ్యలో ఒకటి తీసేస్తే తర్వాతి సంఖ్యలన్నీ జరిగిపోవచ్చు. ఎక్కడో ఒక చోట ప్రోగ్రాము పాత సంఖ్య కోసమే వెతుక్కుంటుంది, అది దొరక్క ఆట ఆగిపోతుంది. గడువు ముంచుకొస్తున్నప్పుడు కట్టిన గోడలోంచి ఇటుక లాగడానికి ఎవరూ సాహసించరు. అక్కడికి వెళ్ళే దారి మూసేసి, ఉన్నదాన్ని ఉన్నచోటే వదిలేస్తారు.

1992లో సెగా సంస్థ విడుదల చేసిన ‘సోనిక్ ద హెడ్జ్‌హాగ్ 2’ సంగతే చూడండి. అందులో హిడెన్ ప్యాలెస్ జోన్ అనే స్థాయి ఉండాలి. విడుదలకు ముందే పత్రికల్లో దాని బొమ్మలు వచ్చాయి. తీరా ఆట చేతికొచ్చాక ఆ స్థాయి లేదు. అయితే పాటలు వినిచూసే సౌండ్ టెస్ట్ పట్టికలో, ఆట మొత్తంలో ఎక్కడా వినిపించని పాట ఒకటి మిగిలింది. 1990ల చివర్లో, తయారీ మధ్యలో తీసిన నమూనా ప్రతి ఒకటి ఇంటర్నెట్‌లో బయటపడింది. అసంపూర్తిగా ఉన్న హిడెన్ ప్యాలెస్ అందులో ఉంది. పత్రికల్లో బొమ్మలు చూసిన పిల్లలు పెద్దవాళ్ళయ్యాక అందులో అడుగుపెట్టగలిగారు. 2013లో ఫోన్ల కోసం అదే ఆటను కొత్తగా తయారుచేసిన క్రిస్టియన్ వైట్‌హెడ్, సైమన్ థామ్లీ ఆ స్థాయిని పూర్తిచేశారు. అది సెగా స్వయంగా విడుదల చేసిన ఆటలోనే చేరింది.

ఇలాంటి వెతుకులాట గుడ్డిగా సాగదు. మొదటి పని విప్పడం. గేము సరుకంతా కొన్ని పెద్ద ఫైళ్ళలో కుదించి కట్టి ఉంటుంది. ఆ కట్టు విప్పే చిన్న ప్రోగ్రాములు అభిమానులే రాసుకుంటారు. రెండో పని, ఎవరూ పిలవని వాటిని పట్టుకోవడం. ఉన్న బొమ్మలన్నిటి జాబితా ఒకటి, ప్రోగ్రాము వాడుకునే బొమ్మల జాబితా ఇంకొకటి తయారుచేస్తారు. మొదటి దాంట్లో ఉండి రెండో దాంట్లో లేనివే అనాథలు. మూడోది మూసిన దారి తెరవడం. మెమరీలో సున్నా ఉన్నచోట ఒకటి పెడితే కొన్నిసార్లు తయారీదార్లు పరీక్షల కోసం వాడుకున్న రహస్య పట్టిక తెరుచుకుంటుంది. నాలుగోది పోల్చడం. జపాన్‌లో అమ్మిన ప్రతి, అమెరికాలో అమ్మిన ప్రతి, తప్పులు దిద్ది మళ్ళీ విడుదల చేసిన ప్రతి పక్కపక్కన పెట్టి, ఏ బైటు ఎక్కడ మారిందో చూస్తారు. చివరిది రుజువు. ప్రతి ఫైలుకూ వేలిముద్ర లాంటి ఒక సంఖ్య లెక్కగట్టొచ్చు. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. దొంగ బొమ్మలు సృష్టించి దొరికాయని చెప్పుకునేవాళ్ళు ఈ పరీక్ష దగ్గరే దొరికిపోతారు.

రెండు కూర్పులు పక్కపక్కన

ఇందులో నాలుగో పద్ధతి, పోల్చడం, తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ ఒక్కో కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు సేకరించి, పండితుల చేత పోల్పించి, పాఠాంతరాలు గుర్తింపజేశాడు. ఆ బ్రౌన్ కాగితాల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన బంగోరె చేతిమీదుగానే మొదటి కన్యాశుల్కం మళ్ళీ వెలుగుచూసింది. తాళపత్రాల విషయంలో పాఠాలు మార్చినవాళ్ళు ఎక్కువగా లేఖకులు. కన్యాశుల్కంలో మార్చింది రచయితే. అందుకే ఇక్కడ ప్రతి తేడాకూ విలువ ఎక్కువ.

1897 పుస్తకానికి గురజాడ ఇంగ్లీషులో ముందుమాట రాశారు. విజయనగరం మహారాజా ఆనందగజపతి కోరికపై ఆనాటి విశాఖపట్నం జిల్లాలో శుల్కం పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాల లెక్క తీయించిన సంగతి అందులో ఉంది. మూడేళ్ళలో తేలినవి 1,034 పెళ్ళిళ్ళు. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు 6, ఏడాది పిల్లలు 3. ఆ ఏడాది పిల్లల ఖరీదు 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెలు చదివి తొలి కూర్పులోకి అడుగుపెడితే నాటకం ఎవరి మీద ఎక్కుపెట్టిన బాణమో తెలిసిపోతుంది. ఆడపిల్లను అమ్ముకునే తండ్రి, కొనుక్కునే ముసలివాడు, దాన్ని చూస్తూ ఊరుకునే ఊరు. నాటకం పేరు, నాటకం పని ఒకటే.

అదే పేరుతో వచ్చిన మలి కూర్పులో పని పెరిగింది. తొలి కూర్పులో మధురవాణిది చిన్న పాత్ర. 1909 నాటికి నాటకం పగ్గాలు ఆమె చేతికి వచ్చాయి. గిరీశాన్ని, రామప్ప పంతులిని, లుబ్ధావధాన్లని తూకం వేసేది ఆమె కళ్ళే. మగవేషం కట్టి సౌజన్యారావు పంతులి ఎదుట కూర్చుని, మంచివాడి మంచితనంలోని పట్టుదలను కూడా ప్రశ్నకు పెట్టేది ఆమే. శుల్కం సమస్య అలాగే ఉంది, కానీ సంస్కరణ చేస్తామనేవాళ్ళ మనసులు కూడా విచారణకు వచ్చాయి. 1909 పుస్తకం ఒక్కటే చదివితే మధురవాణి పుట్టుకతోనే అంతటి మనిషి అనిపిస్తుంది. 1897 పుస్తకం పక్కన పెట్టుకుంటే ఆమెను అంతదాన్ని చెయ్యడానికి రచయిత నాటకం మొత్తాన్ని కదిలించాల్సి వచ్చిందని అర్థమవుతుంది. ఒక గొప్ప పాత్ర ఎలా పెరుగుతుందో తెలుగులో ఇంత స్పష్టంగా చూపించే జంట పుస్తకాలు అరుదు. రాయడం నేర్చుకునేవాళ్ళకు ఇంతకు మించిన పాఠం లేదు.

ఈ నాటకానికి మూడో రూపం కూడా ఉంది. 1909 కూర్పును పూర్తిగా ఆడటానికి ఒక్క సాయంత్రం చాలదు. అందుకే ఏ సమాజం ఆడినా కత్తెర పట్టక తప్పదు. విజయనగరంలో 1950ల నుంచీ గిరీశం వేషం కట్టి, దశాబ్దాల పాటు ఈ నాటకాన్ని ఊరూరా ఆడిన జె.వి. రమణమూర్తి కూడా కుదించిన ప్రతితోనే ఆడారు. ఏ సన్నివేశం ఉంచారు, ఏది వదిలారు అన్నది ఆ కాలపు ప్రేక్షకుల గురించి కూడా చెబుతుంది. అట్టల మధ్య నలిగిన అలాంటి రంగస్థల ప్రతులు, ఎర్రసిరా గీతలతో సహా, దాచుకోదగ్గవే.

ఎవరి చెయ్యి?

గురజాడ 1915లో పోయేనాటికి చాలా పనులు మధ్యలో ఉన్నాయి. కొండుభట్టీయం, బిల్హణీయం నాటకాలు పూర్తికాలేదు. ఆయన డైరీలు చాలావరకు ఇంగ్లీషులో ఉన్నాయి. ఒక కథను కూడా ‘స్టూపింగ్ టు రెయిజ్’ అని ఇంగ్లీషులోనే రాశారు. మనం చదివే ‘సంస్కర్త హృదయం’ దానికి అవసరాల సూర్యారావు చేసిన తెలుగు. గురజాడ కాగితాలను ఓపికగా చదివి, సంపుటాలుగా కూర్చి తెలుగువాళ్ళకు అందించినవాళ్ళలో సూర్యారావు ముందువరసలో ఉంటారు. ఆయన శ్రమ వల్లనే ఆ కథ మనకు దక్కింది. అయితే అందులో ఒక వాక్యం తీసుకుని గురజాడ తెలుగు శైలి ఇదీ అని రాస్తే అది తప్పుడు రుజువు అవుతుంది. ఆ కథనం గురజాడది, ఆ తెలుగు సూర్యారావుది. పుట మొదట్లో ఆ సంగతి స్పష్టంగా ఉండాలి.

గేముల్లో ఇదే చిక్కు. 2004లో అబ్సిడియన్ సంస్థ ‘స్టార్ వార్స్: నైట్స్ ఆఫ్ ద ఓల్డ్ రిపబ్లిక్ 2’ ఆటను పండగ సీజను అమ్మకాల కోసం హడావిడిగా ముగించాల్సి వచ్చింది. మరమనుషుల కర్మాగారం ఒకటి పూర్తిగా కోతకు గురైంది. నటులు పలికిన మాటలు మాత్రం ఫైళ్ళలో ఉండిపోయాయి. అభిమానులు ఏళ్ళ తరబడి ఆ ముక్కలు ఏరి, అతుకులు తామే వేసి, ఆ భాగాన్ని తిరిగి ఆడదగ్గట్టు చేశారు. వాళ్ళు చేసిన మంచి పని ఇంకొకటి ఉంది. దాన్ని అసలు ఆటలో కలిపేసి ఇదే అసలుదని చెప్పలేదు. వేరే పేరుతో, వేరే పొరగా ఇచ్చారు. కావలసినవాళ్ళు వేసుకోవచ్చు, వద్దనుకున్నవాళ్ళు 2004 నాటి ఆటే ఆడుకోవచ్చు. పరిష్కర్తకు ఇంతకన్నా మంచి నియమం లేదు.

ఆ నియమం మరిస్తే ఏమవుతుందో 2005లో తెలిసింది. ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్’ తయారీదార్లు వద్దనుకుని దారి మూసేసిన శృంగార సన్నివేశాన్ని ఒక అభిమాని తెరిచాడు. మూసేసిన దాన్ని కూడా ఆటలో భాగంగానే లెక్కగట్టి అమెరికాలో ఆ ఆటను పెద్దలకు మాత్రమే అనే తరగతిలోకి మార్చారు. దుకాణాలు అరల్లోంచి తీసేశాయి. ఫైలులో ఉన్నంత మాత్రాన అది రచయిత చెప్పిన మాట అయిపోదు. కొట్టేసిన వాక్యానికి ఎంత విలువ ఉందో, కొట్టివేతకూ అంతే విలువ ఉంది. రెండూ కలిపి చదవాలి.

దాచే చోటు

ఇంత చేయాలంటే ముందు కాగితం బతికి ఉండాలి. శ్రీకాకుళంలో ఆ పని చేస్తున్న ఇల్లు కథానిలయం. కాళీపట్నం రామారావు మాస్టారు ‘యజ్ఞంతో తొమ్మిది’కి వచ్చిన కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం డబ్బు కూడా అందులో పెట్టి, 1997 ఫిబ్రవరి 22న దాన్ని ప్రారంభించారు. కథల సంపుటాలు చాలా గ్రంథాలయాల్లో దొరుకుతాయి. కథానిలయం ప్రత్యేకత కథ మొదట అచ్చయిన పత్రికను కూడా దాచడం. రచయిత సంపుటి వేసేటప్పుడు కొన్ని కథలు వదిలేస్తాడు, కొన్నిటి ముగింపు మారుస్తాడు. ఆ వదిలేసిన కథా, మారకముందరి ముగింపూ ఉండేది పాత వారపత్రిక పేజీలోనే. ఆ పత్రిక పాత పేపర్ల కొట్టుకు పోతే ఇక మనకు దిక్కులేదు. మాస్టారు 2021లో కన్నుమూశారు. ఆయన పెట్టిన ఇల్లు నిలిచింది. పత్రికల పేజీలను స్కాన్ చేసి ప్రపంచంలో ఎక్కడివాళ్ళయినా చదివేలా చేసే పనీ సాగింది.

గురజాడ నూటయాభయ్యో జయంతి సందర్భంగా 2012లో వచ్చిన ‘గురుజాడలు’ సర్వస్వం కూడా ఈ దారిలో పెద్ద అడుగు. రచయిత పేరు మీద ఉన్న సమస్తాన్నీ ఒక్కచోట చేర్చాక పోల్చి చూడటం ఎవరికైనా సాధ్యమవుతుంది.

ఇక చెయ్యాల్సింది చిన్న పనే. డిగ్రీ తెలుగు తరగతుల్లో 1909 కన్యాశుల్కంతో పాటు 1897 కూర్పులోంచి కనీసం ఒక అంకమైనా చదివించాలి. ఏం మారింది, ఎందుకు మారి ఉంటుంది అని విద్యార్థి చేతే రాయించాలి. నాటక సమాజాల దగ్గర గీతలు కొట్టిన ప్రతులు ఉంటే కథానిలయం లాంటి చోటికి కనీసం వాటి ఫొటో నకళ్ళయినా చేర్చాలి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వెళ్ళి హైదరాబాదులోనో బెంగళూరులోనో గేములు తయారుచేస్తున్న కుర్రవాళ్ళు తాము వదిలేసిన స్థాయిలను, తేదీ వేసి, కారణం రాసి, సంస్థ అనుమతితో భద్రపరచాలి. గురజాడ పక్కన పెట్టిన నాటకం మనకు దక్కింది ఎవరో ఒక ప్రతిని పారెయ్యకుండా ఉంచినందువల్ల. వాళ్ళు చేసిన పాటి పని మనమూ చేస్తే, మన తర్వాతివాళ్ళు మన కాలపు రచనలు ఎలా తయారయ్యాయో ఊహించుకోనక్కర్లేదు, చదివి తెలుసుకుంటారు.