ఎముక చెప్పిన సాక్ష్యము: ఒక గ్రంథ విమర్శ

స్వాంటే పాబో 2014లో ప్రకటించిన 'నియాండర్తల్ మ్యాన్' ఒక శాస్త్రజ్ఞుని ఆత్మకథ. సుమారు 40,000 ఏండ్ల క్రిందట అంతరించిన నియాండర్తల్ మానవుల ఎముకలనుండి డి.ఎన్.ఎ.ను వెలికితీసి చదువుటయే ఇందలి కథ.

ఈ పనికి పెద్ద శత్రువు పరిశోధకుని చేతులే. తాకినంతనే నేటి మనిషి డి.ఎన్.ఎ. ఎముకకంటి, అదియే పురాతనమైనదను భ్రమ కలిగించును. 1985లో తాను ప్రకటించిన ఈజిప్టు మమ్మీ ఫలితము ఇట్టి పొరపాటే కావచ్చునని పాబో దాచక చెప్పెను.

1997లో ఆయన బృందము చదివినది మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. అది తల్లివైపు వంశమునే తెలుపును. అందు నేటి మానవులతో కలసిన జాడ కానరాలేదు. 2010లో కణకేంద్రపు డి.ఎన్.ఎ.ను చదువగా జాడ దొరకెను. ఆఫ్రికా వెలుపలి ప్రజలలో నూటికి 1 నుండి 4 పాళ్లు నియాండర్తలులదని నాడు లెక్క తేలెను. తెలుగు పాఠకుడును ఆ వారసత్వములో పాలివాడే. ఆ ఫలితమును పాబో మొదట తానే శంకించి సరిచూచిన ఘట్టము గ్రంథమునకు ప్రాణము.

లోపము లేకపోలేదు. పేరు చూచి నియాండర్తలుల జీవనమును తెలిసికొనగోరువారికి ఇందు ప్రయోగశాలయే ఎక్కువగా కనబడును. యంత్రముల వివరము కొన్నిచోట్ల బరువైనది.

గ్రంథము వెలువడిన మరుసటి యేడే, 2015లో, రుమేనియాలోని ఓయాసె గుహలో దొరకిన ఆధునిక మానవుని దవడ కొత్త సాక్ష్యమిచ్చెను. అతనికి 4 నుండి 6 తరముల ముందే ఒక నియాండర్తల్ పూర్వీకుడుండెను. కాని ఆ వంశము నేటి ఐరోపావారిలో నిలువలేదు. కావున ఇట్టి చరిత్రలో తుదిమాట యెవ్వరిదియు కాదు. తన మాటను తానే దిద్దుకొనగల శాస్త్రజ్ఞుని చూపుటయే ఈ గ్రంథము విలువ.