సోక్రటీసు చెప్పిన జ్యామితి పాఠం: మంచి మాస్టారికి గీటురాయి కాగలదా?

లెక్కలలో ఫరవాలేదనిపించుకునే విద్యార్థి జ్యామితి దగ్గరకు వచ్చేసరికి చతికిలబడటం ఉపాధ్యాయులందరూ ఎరిగిన విషయమే. బీజగణితంలో సమీకరణం సాధించటానికి ఒక పద్ధతి ఉంటుంది. ఆ పద్ధతి ప్రకారం అడుగులు వేస్తూ పోతే జవాబు వస్తుంది. జ్యామితిలో అట్లా కాదు. పటాన్ని చూడవలె, అందులో దేనిని చూడవలెనో తెలియవలె, చూచినదానికి కారణం చెప్పవలె. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా విద్యార్థి సిద్ధాంతాన్ని వల్లె వేయటానికి దిగుతాడు. పరీక్షలో పటంలోని అక్షరాలు మార్చి ఇచ్చారంటే వల్లె వేసినది కాస్తా ఎందుకూ కొరగాకుండా పోతుంది.

ఇటీవల మా బంధువులలో ఒకామె నన్ను ఇట్లా అడిగింది: "అన్నయ్యా, అమ్మాయికి జామెట్రీ చెప్పే మాస్టారిని ఎవరినైనా చూసిపెట్టు. తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. తక్కినవన్నీ బాగానే చేస్తున్నది గాని, త్రిభుజం కనబడితే చాలు, పుస్తకం మూసేస్తున్నది."

చూసిపెడతానని మాట ఇచ్చాను. కాని ఏమి చూడవలె? డిగ్రీలు చూడవలెనా? ఆయన దగ్గర చదివిన పిల్లల మార్కులు చూడవలెనా? ఈ ఆలోచనతోనే ప్లేటో రచించిన 'మీనో' అనే సంభాషణను మరల తీసి చదివాను. ఒక గురువు ఒకే ఒక విద్యార్థిని ఎదుట పెట్టుకొని జ్యామితి చెప్పిన తీరును ప్రశ్న ప్రశ్నగా నమోదు చేసిన ప్రాచీన రచన అది. ప్రశ్నలడిగి విద్యార్థిచేతనే జవాబు చెప్పించే బోధనకు దీనిని ఆదర్శంగా చూపటం వాడుక. అది ఎంతవరకు ఆదర్శమో విచారించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాఠం జరిగిన తీరు

'మీనో' క్రీ.పూ. 4వ శతాబ్దపు తొలి భాగంలో వెలువడిన రచన. నేర్చుకోవటమంటే ఆత్మ ఇదివరకే ఎరిగినదానిని జ్ఞాపకం తెచ్చుకోవటమేనని సోక్రటీసు అంటాడు. దానికి రుజువు చూపమంటాడు థెస్సలీ నుండి వచ్చిన మీనో అనే యువకుడు. అప్పుడు సోక్రటీసు మీనో పరివారంలోని బానిస బాలుని ఒకనిని పిలిపించి, నేలపై రెండడుగుల భుజం గల చతురస్రాన్ని గీస్తాడు. దాని వైశాల్యం నాలుగు చదరపు అడుగులు. దీనికి రెట్టింపు, అంటే ఎనిమిది చదరపు అడుగుల చతురస్రం కావాలంటే భుజం ఎంత ఉండవలె?

భుజాన్ని కూడా రెట్టింపు చేస్తే సరి అంటాడు బాలుడు. సోక్రటీసు కాదనడు, నాలుగడుగుల భుజంతో చతురస్రం గీసి లెక్కపెట్టిస్తాడు. పదహారు వస్తుంది. అయితే మూడడుగులంటాడు బాలుడు. మూడు మూళ్లు తొమ్మిది. చివరకు, తనకు తెలియదని బాలుడు ఒట్టుపెట్టి మరీ ఒప్పుకుంటాడు.

అప్పుడు సోక్రటీసు రెండడుగుల చతురస్రాలు నాలుగింటిని ఒకచోట చేర్చి, ప్రతిదానిలోను మూల నుండి మూలకు ఒక గీత గీస్తాడు. ఆ నాలుగు గీతలు కలిసి నడుమ ఏటవాలుగా ఒక కొత్త చతురస్రమవుతుంది. ప్రతి చిన్న చతురస్రంలో సగం ఈ కొత్తదానిలోకి వచ్చింది. నాలుగు సగాలు, ఒక్కొక్కటి రెండు చదరపు అడుగులు, మొత్తం ఎనిమిది. కాబట్టి మనకు కావలసిన భుజం మొదటి చతురస్రపు కర్ణమే.

మెచ్చదగినవి

ఈ పాఠంలో మెచ్చదగినవి నాలుగు ఉన్నవి. మొదటిది: బాలునికి ఒక్క ప్రశ్న వేయకముందే సోక్రటీసు మీనోను అడిగేది, వీడికి గ్రీకు భాష వచ్చునా అని. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని కాదు. మన తెలుగు పాఠ్యపుస్తకాలలో చతుర్భుజంలో మూల నుండి మూలకు గీసిన గీత కర్ణమే. లంబకోణ త్రిభుజంలో లంబకోణానికి ఎదుటి భుజమూ కర్ణమే. ఇంగ్లీషు మాధ్యమంలోకి మారిన పిల్లకు ఇవి డయాగొనల్, హైపాటెన్యూస్ అని రెండు వేరు మాటలవుతవి. ఆ పిల్లకు అడ్డుపడుతున్నది జ్యామితియా, మాటయా అని మొదట తేల్చుకొనని గురువు నెలల తరబడి పక్కదారిలో నడుస్తాడు.

రెండవది: తప్పు జవాబును ఆయన తోసివేయడు, దాని వెంట చివరిదాకా నడుస్తాడు. భుజం రెట్టింపయితే వైశాల్యమూ రెట్టింపవుతుందనే భ్రమ ఆ బాలునితో పోలేదు. నేటికీ తరగతి గదులలో ఈ జవాబు వినిపిస్తూనే ఉంటుంది. పటం గీసి గళ్లు లెక్కపెట్టిస్తే తప్ప ఆ భ్రమ వదలదు.

మూడవది: అంకెలు చెప్పలేకపోతే పోనీ, ఏ గీతో చూపించమంటాడు సోక్రటీసు. ఎనిమిది చదరపు అడుగుల చతురస్రపు భుజం సుమారు 2.83 అడుగులు; ఏ భిన్నంతోనూ దానిని సరిగా చెప్పటానికి వీలులేదు. అంకెలలో చిక్కని ఈ పొడవు నేలమీద గీతగా ఇట్టే దొరుకుతుంది. బీజగణితం బాగా వచ్చి జ్యామితిలో తడబడే విద్యార్థికి అడ్డంకి చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. అతడు ప్రతి పటంలోను అంకెను వెదుకుతాడు, గీతను చూడడు.

నాలుగవది: ఆ గీతను పండితులు కర్ణమంటారని చెప్పటం పాఠం ముగిసేటప్పుడు జరుగుతుంది. మన పుస్తకాలలో పేరూ నిర్వచనమూ ముందు వస్తవి, వస్తువు తరువాత వస్తుంది. సోక్రటీసు వరుస మేలైనది.

ఒప్పుకోలేనివి

ఇక లోపాలు. పాఠమంతా గీతలు గీసినవాడు సోక్రటీసే. బాలుడు ఒక్క గీత కూడా గీయడు. అన్నిటికంటె కీలకమైన అడుగు, అంటే మూల నుండి మూలకు గీత గీయాలన్న ఆలోచన, బాలునికి తట్టినది కాదు. గురువు గీసి చూపినది. అక్కడినుండి బాలుని జవాబులు చాలావరకు "ఔను" అనేవే. చెప్పినదానికల్లా తల ఊపే విద్యార్థి మన తరగతులలోను ఉన్నాడు. ఆ ఊపులో ఎంత అర్థమయిందో, ఎంత భయమున్నదో చెప్పటం కష్టం. యజమాని ఎదుట నిలబడిన బానిస బాలుని విషయంలో అది మరింత కష్టం.

అంతకంటె పెద్ద లోపం మరొకటి. ఈ పాఠం బాలుని కోసం చెప్పినది కాదు, మీనోకు చూపించటం కోసం చెప్పినది. నడుమ నడుమ సోక్రటీసు మీనో వైపు తిరిగి, చూచావా వీడెంత దూరం వచ్చాడో అంటాడు. పని తీరిన తరువాత ఆ బాలుని ఊసు లేదు. వాడి పేరైనా ప్లేటో చెప్పలేదు. తలిదండ్రులు గదిలోకి వచ్చినప్పుడు గొంతు పెంచే ట్యూషను మాస్టారు ఈ వంశంవాడే.

ఇది నా ఒక్కని అభిప్రాయంగా కొట్టివేయవచ్చును. కాని 2011లో అర్జెంటీనాకు చెందిన పరిశోధకులు ఈ పాఠాన్నే పరీక్షకు పెట్టారు. సోక్రటీసు అడిగిన ప్రశ్నలను అదే వరుసలో, చదువుకున్న పెద్దలు, యువకులు కలిసి 58 మందిని అడిగారు. ఇరవైనాలుగు శతాబ్దాల తరువాత కూడా వారి జవాబులు, తప్పులతో సహా, ఆ బాలుని జవాబులను ఆశ్చర్యకరంగా పోలి ఉన్నవి. మనిషి ఆలోచన ఏ దారిన పోతుందో ప్లేటో ఎంత చక్కగా కనిపెట్టాడో దీనివల్ల తెలుస్తుంది. కాని చివర వేరొక కొలత గల చతురస్రమిచ్చి రెట్టింపు చేయమంటే, దాదాపు సగంమంది చేయలేకపోయారు! ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పినవారే, పాఠం మాత్రం నేర్చుకోలేదు.

ఇక్కడ ప్లేటోకు న్యాయం చేయవలసిన మాట ఒకటి ఉన్నది. బాలునికి ఇప్పుడు కలిగిన తెలివి కలవంటిదని, ఇవే విషయాలను ఎన్నోసార్లు, ఎన్నో రీతుల అడిగితేనే అది గట్టిపడుతుందని సోక్రటీసు తానే అంటాడు. ఆ పాఠాన్ని ఆదర్శమని పొగిడేవారు ఈ వాక్యాన్ని మరచిపోతున్నారు. ఒక గంటలో జరిగినది పాఠానికి నాంది మాత్రమే.

మరొక దారి

ఇదే సత్యం మన దేశంలో మరొక రూపంలో ఉన్నది. 'మీనో'కు పూర్వమివని పండితులు భావించే శుల్బసూత్రాలలో బోధాయనునిది ఒకటి. యజ్ఞవేదికలను కొలిచి కట్టటానికి ఉపయోగించే తాడు పేరు మీద వెలసిన శాస్త్రమది. చతురస్రానికి కర్ణంగా పట్టిన తాడు దానికి రెట్టింపు వైశాల్యాన్ని కలిగిస్తుందని అందులో ఉన్నది; ఆ తాడుకు 'ద్వికరణి' అని పేరు, అంటే రెట్టింపు చేసేది. ఆ పనిలో తాడు పట్టవలసినది నేర్చుకునేవాడే.

తాడు లేకపోతే చతురస్రాకారపు కాగితం చాలు. నాలుగు మూలలను కేంద్రానికి మడవండి. చిన్న చతురస్రం వస్తుంది. కాగితం ఎక్కడ పట్టుకున్నా సరిగ్గా రెండు పొరలున్నవి. అంటే దాని వైశాల్యం మొదటిదానిలో సగం. మడతలు విప్పితే అది రెట్టింపయింది. పెద్ద చతురస్రపు భుజం చిన్నదాని కర్ణానికి సమానమని పిల్ల తన వేలితో తడిమి చూచుకుంటుంది. కాగితం కొలత మార్చినా ఫలితం మారదని రెండవ కాగితం చెబుతుంది.

ఇట్లా చూడటం నుండి కారణం చెప్పటం వరకు మెట్లున్నవని 1957లో నెదర్లాండ్సుకు చెందిన ఉపాధ్యాయ దంపతులు డీనా, పియర్ వాన్ హీలే తమ పరిశోధన గ్రంథాలలో ప్రతిపాదించారు. మొదటి మెట్టుమీద పిల్లవాడు ఆకారాన్ని చూచి పోల్చుకుంటాడు. తరువాత దాని ధర్మాలను గుర్తిస్తాడు. ఆ తరువాత ధర్మాలకు గల సంబంధాన్ని గ్రహిస్తాడు. అప్పుడు గాని నిరూపణ అందదు. గురువు ఒక మెట్టుమీద, విద్యార్థి మరొక మెట్టుమీద ఉంటే వారు ఒకే మాటలు వాడినా ఒకరికొకరు అర్థం కారు. సర్వసమానత్వం మీద ఇంకో యాభై లెక్కలు చేయించే ట్యూషను కొందరు పిల్లలకు ఏమాత్రం పనిచేయకపోవటానికి కారణం ఇదే. ఆ లెక్కలు వారు నిలబడిన మెట్టుకు పైన ఉన్నవి.

ఏమి చూడవలె?

మాస్టారిని వెదికేవారు ఆయనను ఒక గంటసేపు పిల్లతో కూర్చోబెట్టి, దూరంగా ఉండి మూడు సంగతులు గమనించవలె. మొదటిది, పెన్సిలు ఎవరి చేతిలో ఉన్నది? రెండవది, తప్పు జవాబు వచ్చినప్పుడు ఆయన దిద్దుతున్నారా, లేక అది ఎక్కడినుండి వచ్చిందో వెదుకుతున్నారా? మూడవది, గంట ముగిసేలోగా కొలత మార్చిగాని, పటం తిప్పిగాని మరొకటి ఇచ్చి, నోరు మెదపకుండా చూచారా? ఈ మూడవ పరీక్ష సోక్రటీసు పెట్టలేదు.

ఇందులో రెండవదానికి పరిశోధనల బలం ఉన్నది. ట్యూషను ఫలితాలపై జరిగిన అనేక ప్రయోగాలను 2011లో కర్ట్ వాన్‌లేన్ సమీక్షించాడు. తుది జవాబును మాత్రమే సరిచూచే కంప్యూటరు బోధన కలిగించిన మేలుకంటె, అడుగడుగునా సరిచూచే కంప్యూటరు బోధన కలిగించిన మేలు రెండింతలకు పైగా ఉన్నదని, అది మనిషి చెప్పే ట్యూషనుతో దాదాపు సమానమని తేలింది. మేలంతా అడుగుల దగ్గర ఆగి చూడటంలో ఉన్నదన్నమాట. అట్లా ఆగి చూచే మనిషి పెద్ద డిగ్రీలు లేని పైతరగతి విద్యార్థిని కావచ్చును, పక్కింటి విశ్రాంత ఉపాధ్యాయుడు కావచ్చును, ఒక్కొక్కసారి ఓపిక గల తల్లి కూడా కావచ్చును.

మా బంధువుకు నేను ఇంకా ఎవరి పేరూ చెప్పలేదు. ముందు అమ్మాయితో ఒక చతురస్రపు కాగితం మడిపించమని చెప్పాను. ఆ పిల్ల ఏ మెట్టుమీద నిలబడి ఉన్నదో తెలిస్తే, ఆ మెట్టుదాకా దిగిరాగల గురువును వెదకటం అంత కష్టం కాదు. సోక్రటీసు ఆ బాలుని మొదటి తప్పుదాకా దిగివచ్చాడు. అందుకు ఆయనకు నమస్కరించవలసిందే. కాని మెట్లెక్కేటప్పుడు బాలుని ఎత్తుకొని ఎక్కాడు. మన పిల్లలు తమ కాళ్లతో ఎక్కవలె.