లిపి మార్పు – సాహిత్య స్మృతి: కిర్గిజ్ భాషానుభవం

లిపి భాషకు బాహ్యమైన తొడుగు మాత్రమేనని, దానిని మార్చినంత మాత్రాన సాహిత్యానికి నష్టం లేదని ఒక అభిప్రాయం ఉంది. కిర్గిజ్ భాషాచరిత్ర ఈ అభిప్రాయాన్ని పునఃపరిశీలించవలసిన అవసరాన్ని చూపుతుంది. తుర్కిక్ కుటుంబానికి చెందిన ఈ భాష సోవియట్ పాలనలో రెండు దశాబ్దాల లోపే అరబీ, లాటిన్, సిరిలిక్ లిపులలో వరుసగా వ్యవహరించింది.

కిర్గిజ్‌లో ఎనిమిది హ్రస్వాచ్చులున్నాయి. ఒక పదంలోని అచ్చులు ఒకే వర్గానికి చెందే స్వరసమత దీని ప్రధాన లక్షణం. సంప్రదాయ అరబీ లిపి ఈ అచ్చుల భేదాలను పూర్తిగా చూపలేదు. కవి, భాషావేత్త కాసిమ్ తినిస్తానోవ్ ఆ లిపిని కిర్గిజ్ ధ్వనులకు అనువుగా సంస్కరించాడు. 1924 నవంబరు 7న తొలి కిర్గిజ్ వార్తాపత్రిక ‘ఎర్కిన్ తో’ అరబీ లిపిలోనే వెలువడింది. ఆ దశాబ్దం చివర లాటిన్ లిపి, 1940 తరువాత సిరిలిక్ లిపి అమలులోకి వచ్చాయి. రష్యన్ వర్ణమాలకు మూడు అక్షరాలను అదనంగా చేర్చవలసి వచ్చింది. ఆ మూడు ధ్వనులకూ లాటిన్ వర్ణమాలలో అప్పటికే అక్షరాలున్నాయి. కనుక రెండవ మార్పునకు ధ్వని సంబంధమైన అవసరం కారణం కాదు. రష్యన్ భాషతో ఏకరూపతను కోరిన రాజ్యవిధానమే కారణం.

ఈ మార్పుల ప్రభావం మౌఖిక, లిఖిత సాహిత్యాలపై ఒకే విధంగా పడలేదు. సగింబాయ్ ఒరొజ్బకోవ్ గానం చేసిన ‘మనాస్’ ఇతిహాసం 1922–26 మధ్య అరబీ లిపిలో నమోదైంది. సయక్బాయ్ కరలయెవ్ గానం చేసిన పాఠం 5 లక్షల పంక్తులకు మించింది. గాయకుల కంఠంలో నిలిచిన ఈ ఇతిహాసానికి లిపి ఆధారం కాదు. అచ్చుపై ఆధారపడిన కవికి ఆ రక్షణ లేదు. తినిస్తానోవ్ కవితాసంపుటి 1925లో వెలువడింది. 1938లో ఆయనకు మరణశిక్ష అమలు చేశారు. సిరిలిక్‌లో చదువుకున్న తరానికి ఆ సంపుటి లిప్యంతరీకరణ లేనిదే అందదు. నిషేధం రచయితను తొలగిస్తే, లిపి మార్పు ఆయన పాఠకులను తొలగించింది.

చైనాలోని షిన్‌జియాంగ్‌లో కిర్గిజ్‌లు నేటికీ అరబీ లిపినే వాడుతున్నారు. జుసుప్ మమాయ్ గానం చేసిన ‘మనాస్’ అక్కడ ఆ లిపిలోనే అచ్చయింది. సరిహద్దుకు అవతలి గానాన్ని విని గ్రహించగల కిర్గిజ్ పాఠకుడు అక్కడి పుస్తకాన్ని మాత్రం చదవలేడు. ‘మనాస్’ మనుగడను చూపి లిపి మార్పు హాని చేయలేదనడం, వినికిడిలో నిలిచిన సాహిత్యాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవడం అవుతుంది. లిఖిత సాహిత్య విమర్శలో లిపిచరిత్రను పాఠచరిత్రలో భాగంగానే పరిగణించాలి.