ఒక పరిశోధకురాలు, రెండు ప్రశ్నలు

ఒక భాషలోని రచనను మరో భాషలోని రచన పక్కన ఉంచి, రెండింటినీ ఒకే ప్రశ్నతో పరిశీలించే విద్యాశాఖను తులనాత్మక సాహిత్యం అంటారు. ఆ పేరుతో భారతదేశంలో తొలి విభాగం 1956లో బుద్ధదేవ్ బోసు ఆధ్వర్యంలో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. దాని తొలి విద్యార్థుల్లో ఒకరైన నవనీతా దేవ్ సేన్ (1938–2019) హార్వర్డ్‌లో ఎం.ఏ., ఇండియానా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పూర్తిచేసి, చదువుకున్న విభాగంలోనే ఆచార్యురాలై, 2002లో పదవీ విరమణ చేశారు. బెంగాలీ పాఠకులకు ఆమె కవయిత్రిగా, చమత్కారం తొణికే యాత్రాకథనాల రచయిత్రిగానే ఎక్కువ పరిచయం. తెలుగువారికి మాత్రం, రామాయణాన్ని ఆమె మూడు దశాబ్దాల ఎడంతో రెండు వేర్వేరు ప్రశ్నలతో చదివిన తీరు ఆసక్తికరం.

మొదటి ప్రశ్న ఆనాటి అమెరికా విద్యాలయాలది. మిల్మన్ ప్యారీ, ఆల్బర్ట్ లార్డ్ 1930లలో యుగోస్లావియా గాయకుల వీరగాథలను రికార్డు చేసి, అక్షరజ్ఞానం లేని గాయకుడు వేల పంక్తులను కంఠస్థం చేసి అప్పజెప్పడం లేదని, ఛందస్సులో ఇమిడిపోయే సిద్ధపదబంధాల సాయంతో పాడుతూనే అల్లుకుపోతాడని నిరూపించారు. అలా మళ్లీ మళ్లీ వచ్చే పదబంధాన్ని వారు ఫార్ములా అన్నారు. హోమర్ కావ్యాలకు అన్వయించిన ఈ పద్ధతితో నవనీత వాల్మీకి బాలకాండను పరీక్షించి, ఆ ఫలితాలను 1966లో అమెరికన్ ఓరియంటల్ సొసైటీ పత్రికలో ప్రకటించారు. లెక్కకు నిలిచే సాక్ష్యం ఈ పద్ధతికి బలం. అయితే కావ్యం ఎలా కూర్చబడిందో చెప్పగలిగే ఆ లెక్క, అది ఎవరి పక్షాన మాట్లాడుతుందో చెప్పలేదు.

రెండో ప్రశ్న అక్కడినుంచే పుట్టిందనుకోవచ్చు. 1990లలో ఆమె 16వ శతాబ్దపు మైమన్‌సింగ్ కవయిత్రి చంద్రావతి రామాయణాన్ని చేతిలోకి తీసుకున్నారు. అది రాముడి పుట్టుకతో కాక సీత పుట్టుకతో మొదలవుతుంది. యుద్ధాన్ని క్లుప్తంగా దాటేసి, సీత తన బతుకును తానే చెప్పుకోవడానికి చోటిస్తుంది. సాహిత్య చరిత్రకారులు దాన్ని బలహీనమైన, అసంపూర్ణమైన రచనగా తేల్చేశారు. రామకథలో రాముడే కేంద్రమని ముందే నిశ్చయించుకున్నవారికి అది అసంపూర్ణంగానే కనిపిస్తుందని నవనీత వాదించారు. ఆ పక్కనే ఆమె తెలుగులో రామాయణం రాసిన మన మొల్లను నిలబెట్టారు. రంగనాయకమ్మ రాసిన రామాయణ విషవృక్షాన్ని కూడా చర్చలోకి తెచ్చారు.

ఈ పనికి బలం చేకూర్చే సాక్ష్యం తెలుగు స్త్రీల పాటల్లోనే ఉంది. చంద్రావతి కథలో కైకేయి కూతురు కుకుయ సీత చేత రావణుడి బొమ్మ గీయిస్తుంది. వెల్చేరు నారాయణరావు పరిశీలించిన తెలుగు పాటల్లో అదే పని మారువేషంలో వచ్చిన శూర్పణఖ చేస్తుంది, సీత తాను చూసిన బొటనవేలు మాత్రమే గీస్తే మిగతా రూపాన్ని శూర్పణఖ పూర్తిచేస్తుంది. ఒక రచన మరో రచనను ఎలా మలిచిందో వెతికే ప్రభావ అధ్యయనానికి ఇక్కడ పట్టు దొరకడం కష్టం. అంత దూరంలో ఉన్న స్త్రీలు కథలో ఒకేచోట ఎందుకు ఆగారన్నదే అడగవలసిన మాట. మన విశ్వవిద్యాలయాల్లో తులనాత్మక పరిశీలన పేరుతో వచ్చే సిద్ధాంత గ్రంథాలు చాలావరకు ఇద్దరు కవుల పోలికల పట్టికతో ముగిసిపోవడానికి కారణం, అటువంటి ప్రశ్న ముందుగా లేకపోవడమే.

ఇక్కడ మొల్ల ఇబ్బంది పెడుతుంది, పెట్టాలి కూడా. ఆమె చంద్రావతిలా పక్కదారి పట్టలేదు: ఉత్తరకాండను వదిలేసింది, యుద్ధకాండకు మూడు ఆశ్వాసాలు ఇచ్చింది, ప్రౌఢకవుల మార్గంలోనే రామకథ నడిపింది. తాను చదువుకున్నదాన్ని కానని చెప్పుకుంటూనే ఆ చదువుకున్నవారి ఛందస్సులో, వారి వర్ణనారీతుల్లో సాధికారంగా రాసింది. స్త్రీ రాసినదంతా సీత పక్షమే అవుతుందన్న తేలికపాటి సిద్ధాంతానికి ఆమె కావ్యం లొంగదు. కనుక ఈ ఇద్దరినీ జతచేయడంలో అసలు ఫలం, మొల్ల ఆ దారిని ఎందుకు ఎంచుకున్నదో, సంప్రదాయ మార్గంలో నడిచినందువల్లనే ఆమె పేరు తెలుగు సాహిత్య చరిత్రలో నిలిచిందా అన్నది తెలుగు విమర్శకులు విడిగా విచారించవలసి రావడం.