ఫిరంగి పుస్తకం ఏరేవాళ్లు

చింతామణి నుంచి బస్సెక్కి బెంగళూరు బ్రిగేడ్ రోడ్డు పక్కనున్న సెలెక్ట్ బుక్ షాప్ లాంటి పాత పుస్తకాల అంగళ్లకు పోయి, ఫిరంగుల చరిత్రలు ఏరుకునేవాళ్లంటే నాకు భలే ముచ్చట. అట్టమీద నిప్పులు కక్కే బొమ్మకు వాళ్లు లొంగరు. పుస్తకాన్ని వెనకనుంచి తెరుస్తారు. మొదటి ప్రపంచయుద్ధం గురించైతే సూచికలో ‘సౌండ్ రేంజింగ్’ ఉందా అని చూస్తారు. శత్రు ఫిరంగి మోత వరుసగా పెట్టిన మైకులకు చేరే సమయాల్లో తేడాను బట్టి అది ఎక్కడుందో తేల్చే పద్ధతి అది. ఆ ఊసే లేకపోతే పుస్తకం మళ్లీ అరలోకే. తర్వాత మడత మ్యాపును మెల్లగా విప్పి, మడతల దగ్గర చిరిగిందేమో వెలుతురుకు పట్టి చూస్తారు. మ్యాపు పోయిన పుస్తకానికి సగం ధరైనా దండగే! రెండో ప్రపంచయుద్ధపు 25 పౌండర్ ఫిరంగి కనబడితే దాని గుండు వెళ్లే దూరం సుమారు 12 కిలోమీటర్లని రాశారో లేదో చూసుకుంటారు. గుండ్లు మోసిన లారీలకూ, ముందుకెళ్లి గురి సరిదిద్దే పరిశీలకుడికీ చోటిచ్చిన రచయితనే నమ్ముతారు. టిప్పు సుల్తాన్ రాకెట్లకైతే రొద్దం నరసింహ 1985లో రాసిన చిన్న పత్రాన్నే ముందు అడుగుతారు. ఆయన ఏరోస్పేస్ శాస్త్రవేత్త కాబట్టి అందులో వీరగాథ పక్కనపెట్టి రాకెట్ ఇనుప గొట్టం సంగతి చెప్పారు. ఇలా ఏరి తెచ్చిన పుస్తకం ఇంట్లో ఉంటే, ఆర్టిలరీలో పనిచేసిన తాత చెప్పే ముక్కలు మనవడికి అర్థమవుతాయి.