రాయి, రేకు, పెంకు

నెల్లూరు నుంచి చెన్నై రహదారి పట్టుకుని దక్షిణంగా వస్తే వెంకటాచలం తగులుతుంది. ఇక్కడ చీలిన రైలు పట్టాలు ఒకవైపు కృష్ణపట్నం రేవుకి, మరోవైపు వెలిగొండల్ని తొలుచుకుని ఓబులవారిపల్లెకి పోతాయి. మైసూరులో ఉండిన ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రాన్ని ఇక్కడికి తరలించి 2020 జనవరిలో ప్రారంభించారు. తెలుగువారి పాతకాలాన్ని వెతికే సంస్థకు ఇంతకంటే తగిన చోటు దొరకదని నేను గట్టిగా నమ్ముతాను. చుట్టూ ఒక పూట ప్రయాణంలో రోమన్ బంగారం దొరికిన నేల ఉంది, పల్లవ రాజు ఊరు దానమిచ్చిన రాగిరేకుల చోటు ఉంది, చైనా గిన్నెల పెంకులు బయటపడిన రేవు ఉంది, తిక్కన బతికిన పట్టణం ఉంది. ఇవన్నీ మనకెలా తెలిశాయి? ఏ పద్ధతిలో, ఎవరి ఓపికతో తెలిశాయి? ఆ సంగతే ఇక్కడ చెప్పదలిచాను.

ముందు తెలియకుండా పోయినదాని గురించి చెప్పాలి. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలి ఇటుక కట్టుబడికి తగిలి ఆగింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం. దాని కింద ఒక కుండ. కుండలో బంగారు నాణేలు. పాపం ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్ముకున్నాడు. చాలా నాణేలు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా చేతికి ముప్ఫైకి పైగా దక్కాయి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిని చూసి, రెండు తాను ఎంచుకుని, 1787లో ఒక లేఖ రాశాడు. అది ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ రెండో సంపుటంలో అచ్చయింది. అవి రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్‌ల నాణేలు, రాణి ఫాస్టినా నాణేలు. కొన్ని అప్పుడే టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయట. మరికొన్నింటికి చిల్లులున్నాయి, అరిగాయి. మెడలోనో దండచేతికో నగగా వేసుకున్నవి అయివుంటాయని ఆయన ఊహించాడు.

ఈ కాస్త సమాచారం నుంచే ఎంత రాబట్టవచ్చో చూడండి. ట్రాజన్ పాలన 98లో మొదలై 117లో ముగిసింది, హేడ్రియన్ 138 దాకా ఏలాడు, ఫాస్టినా పేరుతో నాణేలు వచ్చింది ఆ తరవాత. కుండలో అన్నిటికన్నా ఆఖరి నాణెం ఏదైతే, కుండను పాతిపెట్టింది దానికి ముందు కాదు. ఈ ఒక్క సూత్రంతో రెండో శతాబ్దం మధ్య దాకా వచ్చేశాం. కొత్త నాణేలు వర్తకుడి సొత్తు అయివుండవచ్చు, చిల్లులున్నవి ఇక్కడి ఆడవాళ్ల ఒంటిమీదికి చేరినవి కావచ్చు.

కానీ అసలు ప్రశ్నలకి జవాబు లేదు. గుడి ముందా, కుండ ముందా? గుడి పునాదిలో పవిత్రంగా ఉంచారా, ఎవరో దాచుకున్న చోట తరవాత గుడి లేచిందా? ఇటుకల కొలతలెంత? కుండ మట్టి రంగేమిటి? పక్కన ఏమేం పెంకులున్నాయి? వీటిలో ఏ ఒక్కటీ నమోదు కాలేదు. బంగారం పోయినందుకు కాదు నాకు బాధ, ఆ నాలుగు గజాల నేల చెప్పాల్సిన కబురు పోయినందుకు.

తవ్వకాల శాస్త్రం ఈ నష్టాన్ని ఆపడానికే పుట్టింది. నేలను కొలిచి చతురస్రాలుగా గీతలు గీస్తారు. చతురస్రాల మధ్య తవ్వని మట్టి గోడలు వదులుతారు. ఆ గోడ పక్కభాగంలో పొరలు కనిపిస్తాయి: బూడిద పొర, ఇసుక పొర, కూలిన గోడ మట్టి, వరద తెచ్చిన ఒండ్రు. పై పొర కొత్తది, కింది పొర పాతది. మధ్యలో ఎవరైనా చెత్తగుంట తవ్వివుంటే పై కాలపు పెంకు కింది పొరలోకి దిగుతుంది. ఆ గుంట అంచును మట్టి రంగులో తేడా బట్టి పట్టుకోవాలి. తాపీ చేతపట్టి అంగుళం అంగుళం గీకుతూ పోవడం ఇందుకే. దొరికిన ప్రతి ముక్కకూ పొర సంఖ్య, లోతు, తేదీ రాసిన చీటీ ఉంటుంది. చీటీ పోయిన ముక్క సగం మూగదైపోయినట్టే.

1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో మార్టిమర్ వీలర్ చేసింది ఇదే. ఇటలీలో తయారై, తయారైన కాలం అక్కడ తెలిసిన పాత్రల ముక్కలు ఏ పొరలో దొరికాయో గుర్తించి, అదే పొరలోని మన కుండలకు కాలం కట్టాడు. అలా తేలిన వాటిలో ముఖ్యమైనది లోపలి అడుగున చిన్న చిన్న నొక్కుల వలయాలుండే నునుపు పాత్ర. అది అమరావతిలో దొరికినా, శాలిహుండంలో దొరికినా ఇప్పుడు చూడగానే సుమారు కాలం చెప్పగలుగుతున్నారు.

మన తీరంలో కొత్తపట్నం ఇలాంటి కథే చెప్పింది. ఇది ఉమ్మడి నెల్లూరు జిల్లాలోది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చెందిన కె.పి. రావు దీన్ని పరిశోధించారు. లేతాకుపచ్చ మెరుగున్న చైనా పాత్రల ముక్కలు ఇక్కడ బయటపడ్డాయి. ఇక్కడి సముద్ర వ్యాపారాన్ని పగిలిపోయాయని పారేసిన గిన్నెలు రుజువు చేశాయి. గిన్నె పగిలితే ఎవరూ ఇంటికి తీసుకుపోరు. అందుకే పెంకు బంగారం కన్నా నమ్మకమైన సాక్షి.

ఇంకా లోతుకు పోతే రాతా లేదు, కుండా లేదు, రాతి పనిముట్లే. పక్కనున్న ఉమ్మడి ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఎగువన రెట్లపల్లె దగ్గర దొరికిన మధ్య పాతరాతియుగపు పనిముట్లకు సుమారు 1,39,000 ఏళ్లని తేల్చారు. దక్షిణాన కొర్తలయార్ నదీ ప్రాంతంలోని అత్తిరంపాక్కం పనిముట్ల వయసు 15 లక్షల ఏళ్లు. రాయి వయసు కాదది, రాయిని చెక్కినవాడు వదిలిపోయాక దాన్ని కప్పిన మట్టి వయసు. రెట్లపల్లెలో వాడిన పద్ధతిలో, మట్టిలోని ఖనిజ రేణువులు ఆఖరిసారి ఎండ చూసి ఎంతకాలమైందో కొలుస్తారు. వెలుగు సోకితే లెక్క చెడిపోతుంది కనుక వెలుతురు దూరని గొట్టాన్ని పొరలోకి దించి మట్టిని చీకట్లోనే ప్రయోగశాలకు చేరుస్తారు.

ఇక శాసనాలు. ఈ పనంటే నాకు ప్రత్యేకమైన ప్రేమ, ఎందుకంటే ఇందులో ఇప్పటికీ చెయ్యే ప్రధానం. రాతి మీది అక్షరాలను కాగితం మీదికి దించడాన్ని ఎస్టాంపేజీ తీయడమంటారు. ముందు రాయిని గట్టి కుంచెతో, నీళ్లతో కడుగుతారు. నాచు, సున్నం, నూనె జిడ్డు అక్షరాల గుంటల్లోంచి పోవాలి. తడిపిన కాగితాన్ని ముడత పడకుండా రాతి మీద పరిచి, కుంచెతో పైనుంచి కిందికి దరువేసినట్టు కొడుతూ పోతారు. కాగితం ప్రతి గీతలోకి దిగాలి, కానీ చిరగకూడదు. కాస్త ఆరాక, మసి సిరా అద్దిన మెత్తతో తేలిగ్గా అద్దుతారు. ఉబ్బెత్తు భాగం నల్లబడుతుంది, అక్షరం తెల్లగా మిగులుతుంది. సిరా పైవైపు అద్దుతారు కాబట్టి అక్షరాలు తిరగబడవు. సిరా ఎక్కువైతే సన్నగీతలు పూడిపోతాయి, తడి ఎక్కువైతే సిరా పాకుతుంది, మధ్యలో గాలి లేచిందా మొత్తం పని మళ్లీ మొదటికి. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో ఈ పనికి తెల్లవారుజామే మేలు. రాయి మీద కంటికి ఆనని గీత కూడా కాగితం వెనకవైపు వేలితో తడిమితే ఒక్కోసారి దొరుకుతుంది.

తరవాత చదవడం. తలకట్టు తీరు, ఱ వాడుక, గుణింతపు గుర్తులు చూసి ఏ శతాబ్దమో అంచనా వేస్తారు. శాసనం తన తేదీ తానే చెబితే మన పంచాంగం సాయానికి వస్తుంది. కాకతి గణపతిదేవుడి మోటుపల్లి శాసనం శక 1166, క్రోధి సంవత్సరం అంటుంది. 1166కి 78 కలిపితే 1244. అరవై ఏళ్ల చక్రం కూడా సరిపోవాలి కదా! మొన్న 2024 ఉగాదికి వచ్చిందీ క్రోధే, రెండింటి మధ్య 780 ఏళ్లు, అంటే సరిగ్గా పదమూడు ఆవృత్తులు. పక్షం, తిథి, వారం చెప్పినచోట ఎల్.డి. స్వామికన్ను పిళ్లై కట్టిన పట్టికలు తీసి సరిచూస్తారు. గ్రహణకాలంలో దానమిచ్చామన్న చోట ఆ రోజు నిజంగా గ్రహణం పట్టిందా అని ఆకాశాన్నే సాక్ష్యం అడుగుతారు. కూటశాసనాలు, అంటే దొంగ శాసనాలు, చాలావరకు ఈ రెండు చోట్లే పట్టుబడతాయి: తేదీ కలవదు, లేదా అక్షరం చెప్పుకున్న కాలం కన్నా కొత్తదిగా ఉంటుంది.

ఆ మోటుపల్లి శాసనం సముద్ర వర్తకులకు అభయం. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారు, మేము నిర్ణయించిన సుంకం తప్ప తీసుకోం అని అందులో ఉంది. మన కృష్ణపట్నం శాసనాల్లో కొల్లితురై, దానికే గండగోపాలపట్టణమని మరో పేరు. కొత్తపట్నం పెంకుల పక్కన ఈ రాతల్ని పెట్టి చదివితే పదమూడో శతాబ్దపు తీరం కళ్లకు కడుతుంది. పెంకు సరుకు వచ్చిందని చెబుతుంది, రాత ఏ షరతు మీద వచ్చిందో చెబుతుంది. ఒకటి లేకుండా రెండోది సగమే.

రాగిరేకులది మరో తీరు. రేకులకు చిల్లు వేసి కడియం ఎక్కించి, అతుకు మీద రాజముద్ర పోస్తారు. పరిష్కర్తలు తమ చేతికొచ్చేనాటికి కడియం తెగివుందా లేదా అని తప్పక రాస్తారు. తెగివుంటే ఎవరైనా రేకు మార్చివుండవచ్చు కదా. పల్లవ సింహవర్మ విలవట్టి దానశాసనం ఈ ప్రాంతపు ఆణిముత్యం. ముండరాష్ట్రంలోని విలవట్టి అనే ఊరిని (ఇప్పటి వవ్వేరుగా గుర్తించారు) ఒక బ్రాహ్మణుడికి ఇస్తూ ఆ ఊరు కట్టే పన్నుల్ని పేరుపేరునా చెప్పారు. లోహపు పనివారు, తోలు పనివారు, బట్టల అంగళ్లు, ఆజీవికులు, బావికి నీటిజాడ చూపేవాళ్లు, సాలెలు, జూదం, పెళ్లి, మంగలి. రాజు గొప్ప చెప్పడానికి చెక్కిన రేకు, దాదాపు పదిహేను వందల ఏళ్ల కిందట ఒక పల్లెలో ఎవరెవరు ఏ పని చేసుకుని బతికారో చెప్పేసింది. రాజు వంశావళి చదివేవాళ్లు ఈ పంక్తిని దాటిపోతారు. నా మటుకు ఆ రేకుల్లో అన్నిటికన్నా విలువైనది అదే.

అయినా శాసనం ఇచ్చినవాడి మాట, పుచ్చుకున్నవాడి మాట. ఓడినవాడు, పశువులు కాసినవాడు అందులో మాట్లాడరు. అక్కడ పాట అందుకుంటుంది. రాజు పక్షాన, నెల్లూరు ఏలిన తెలుగు చోడ మనుమసిద్ధి గురించి, తిక్కన ఆయనకే అంకితమిచ్చిన నిర్వచనోత్తర రామాయణం ఉంది. తిక్కన కుటుంబం గురించి కేతన దశకుమార చరిత్ర చెబుతుంది. తిక్కన ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుణ్ని సాయం అడిగిన ఉదంతం తరవాతి కాలపు సిద్ధేశ్వర చరిత్రలోది కాబట్టి దానికి వేరే సాక్ష్యం తోడు కావాలి. కాటమరాజు కథలు మాత్రం గొల్లల నోట బతికాయి. కరువొచ్చి ఆవుల్ని నెల్లూరు బీళ్లకు తోలుకొచ్చిన కాటమరాజు, పుల్లరి కింద కోడెదూడలిస్తానన్న ఒప్పందం, అది చెడటం, పంచలింగాల పోరు, రాజు సేనాని ఖడ్గతిక్కన. పాటలో రాజు పేరు నల్లసిద్ధి. చిలక వల్ల తగువు పుట్టిందన్న ముచ్చటను చరిత్రకారుడు పక్కన పెట్టవచ్చు. మేతభూమికీ సాగుభూమికీ, మందకీ రాజ్యానికీ మధ్య తగువును పక్కన పెట్టలేడు. తంగిరాల వెంకట సుబ్బారావు ఈ కథల్ని పోగుచేసి పరిష్కరించకపోతే ఈ పక్షం వాదన వినేవాళ్లం కాదు.

పోగుచేసే ఈ పనిలో తెలుగువాళ్ల పాత్ర చాలా పాతది. కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. ఆయన, తమ్ముడు లక్ష్మయ్య ఊరూరి కైఫీయతులు (స్థానిక చరిత్రలు), శాసనాల నకళ్లు సేకరించే దారి వేశారు. 1905లో ఎ. బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చువేశారు. ఒక జిల్లాకు అంత పెద్ద సంకలనం ఉండటం అదృష్టం. అందులోని పాఠాలను ఇప్పుడు ఊళ్లకు తీసుకెళ్లి రాళ్లతో మళ్లీ పోల్చాలి. జీర్ణోద్ధరణ పేరుతో గుడి గోడల మీద ఇసుక చిమ్మి గీకించడం, పెయింటు పూయడం, అక్షరాలున్న బండను మెట్టుగా వేసుకోవడం మన కళ్లముందే జరుగుతున్నాయి. వెయ్యేళ్లు ఎండావానా తట్టుకున్న గీత ఒక్క పూట యంత్రానికి తట్టుకోదు.

మీ పొలంలోనో గుడి ఆవరణలోనో అక్షరాల బండ కనిపిస్తే ఇలా చేయండి. సుద్దతో, పసుపుతో గీతలు దిద్దవద్దు. దిద్దిన గీత మీ ఊహ అవుతుంది, చదివేవాణ్ని తప్పుదారి పట్టిస్తుంది. ఉదయమో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫొటో తీయండి, అప్పుడే గుంటల్లో నీడ నిలిచి అక్షరం లేస్తుంది. ఎండ లేకపోతే చీకటి పడ్డాక పక్కనుంచి టార్చి వేసి తీయండి. నాలుగు వైపులా తీయండి, శాసనం పక్కకూ వెనక్కూ తిరిగివుండవచ్చు. బండను జరపకుండా అది ఏ దిక్కుకు ఉంది, దగ్గర్లో ఏముంది రాసుకుని పురావస్తు శాఖకు తెలియజేయండి. నేలలో పాతిన సొమ్ము దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టమే ఉంది. మట్టిని కదిలించకముందే చెప్పండి.